గడియారం పన్నెండు కొట్టే వేళకు

సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం పన్నెండు గంటలు కొట్టడం మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా చూడాలన్న కోరిక నాకు 1990లో పుట్టి, 2023లో గాని తీరలేదు. అదేమీ కాశీయాత్ర కాదు. అప్పట్లో మేము సికింద్రాబాదులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. బస్సెక్కితే గంట, గంటన్నరలో మ్యూజియం ముందు దిగవచ్చు. అయినా ముప్ఫై మూడేళ్ళు పట్టిందంటే కారణం ఒక్కటే, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళడం. పిల్లలతో ఊరు చూడటానికి బయలుదేరిన వాళ్ళు ఊరిని ఎంత చూస్తారో, కుళాయిలనూ చెట్టు నీడలనూ మరుగుదొడ్ల బోర్డులనూ ఎంత చూస్తారో అనుభవం ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

మా వారు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. నెలకొకసారి వచ్చే రెండో శనివారం సెలవు మా ఇంట్లో పండుగతో సమానం. ఆదివారమైతే ఎక్కడికి వెళ్ళినా జనం. రెండో శనివారం కాస్త మెరుగు. పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడేళ్ళు వచ్చేసరికి, ఇక వీళ్ళు నడవగలరులే అన్న ధైర్యంతో (ఆ ధైర్యం ఎంత తప్పో గోల్కొండ మెట్ల మీద తెలిసింది) నెలకొక చోటికి వెళ్ళాలని నియమం పెట్టుకున్నాం. ముందురోజు రాత్రే చింతపండు పులుసు ఉడికించి పెట్టుకుని, తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, పెరుగన్నం విడిగా డబ్బాలో సర్ది, మా అత్తగారి ఇత్తడి మరచెంబు నిండా నీళ్ళు పోసి మూత బిగించేదాన్ని. పిల్లల మెడలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఉన్నా, మరచెంబు లేనిదే అత్తగారు గడప దాటేవారు కారు. ఇవి కాక రెండు జతల బట్టలు, పాత తువ్వాలు, ఒక నిమ్మకాయ. బస్సులో కడుపులో తిప్పే చిన్నదానికి ఆ నిమ్మకాయ వాసన చూపించాలి. ఇంత మోత మోసుకుని బస్టాపులో నిలబడితే, ఊరికి వెళ్తున్నారా అని ఇరుగుపొరుగు అడిగేవారు.

మా మొదటి ప్రయాణం సాలార్‌జంగ్ మ్యూజియానికే. అది రెండో శనివారం కాదు, ఏదో పండుగ సెలవు శుక్రవారం వస్తే ఉత్సాహం ఆపుకోలేక బయలుదేరాం. మూసీ ఒడ్డున దిగి, ఎండలో నడిచి వెళ్ళి చూస్తే గేటు మూసి ఉంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళెవరిని అడిగినా చెప్పేవారు, మేము ఎవరినీ అడగలేదు. మా వారు గేటు వైపు, నేను మా వారి వైపు, పిల్లలు పులిహోర సంచీ వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాం. చివరకు అత్తగారే, "ఇంత దూరం వచ్చి వట్టిచేతులతో ఎందుకు పోవాలి, చార్మినారు చూసి పోదాం" అన్నారు. 1591లో కట్టిన ఆ కట్టడంలోకి ఇరుకైన చుట్టుమెట్ల మీదుగా ఎక్కుతుంటే, ముందు ఎవరి మడమలు, వెనక ఎవరి ఊపిరి తప్ప ఏమీ కనిపించలేదు. పైకి వెళ్ళాక గాలి బాగా వీచింది. లాడ్‌బజారు గాజుల మెరుపు చూసి చిన్నది దిగనని ఏడ్చింది, దిగాక గాజులు కొనలేదని ఏడ్చింది. ఇంటికి రాగానే మా వారు క్యాలెండరు వెనక అట్ట మీద "మ్యూజియం శుక్రవారం, జూ సోమవారం మూత" అని ఎర్రసిరాతో రాసిపెట్టారు. తరవాత ఎన్ని క్యాలెండర్లు మారినా ఆ అట్టముక్క మాత్రం మేకుకు అలాగే వేలాడింది.

రెండోసారి సరైన రోజునే వెళ్ళాం. 1951లో నెహ్రూ గారు ప్రారంభించిన ఈ మ్యూజియం మొదట సాలార్‌జంగ్ కుటుంబానికి చెందిన దివాన్ దేవిడీలోనే ఉండేదట; ఇప్పటి భవనానికి 1968లో మారింది. నిజాం దగ్గర దివాను పదవిలో కొద్దికాలమే ఉన్న మూడో సాలార్‌జంగ్ జీవితమంతా వస్తువులు సేకరించడానికే వెచ్చించారని మా వారు పిల్లలకు చెబుతుంటే, "మరి వాళ్ళమ్మ తిట్టలేదా?" అని పెద్దవాడు అడిగాడు. వాడు దారిలో ఏరుకొచ్చే గోలీలకూ సీసా మూతలకూ నేను పెట్టే చీవాట్లు వాడికి గుర్తొచ్చి ఉంటాయి.

మేలిముసుగు రెబెక్కా ముందు అత్తగారు చాలాసేపు నిలబడిపోయారు. ఇటలీ శిల్పి బెంజోని 1876లో చలువరాతిలో మలచిన బొమ్మ అది. ముఖం మీది సన్నని ముసుగులోంచి ముక్కూ పెదవులూ కనిపిస్తాయి, కాని ముసుగూ రాయే, ముఖమూ రాయే. "తలంటు పోసుకుని తడిబట్టతో వచ్చినట్టుంది పిల్ల, ఎవరైనా తుడవరేం" అన్నారు అత్తగారు. ఆ శిల్పం గురించి తరవాత నేను చదివిన వర్ణనలేవీ ఆ మాటకు సాటిరాలేదు. ముందు నుంచి మగవాడుగా, వెనక అద్దంలో ఆడపిల్లగా కనిపించే కొయ్యబొమ్మ దగ్గర పెద్దవాడు అద్దానికీ బొమ్మకూ మధ్య దూరబోయి కాపలాదారు చేత మందలింపు తిన్నాడు.

ఇన్ని చూసుకుంటూ గడియారం ఉన్న చోటికి చేరేసరికి పన్నెండు దాటి పది నిమిషాలైంది. జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఆ గడియారం సంగతి చూడనివారికి చెప్పాలి. గోడవారగా బీరువాలా నిలబడి ఉంటుంది. గంట కాబోయే ముందు పైభాగంలో చిన్న తలుపు తెరుచుకుని ఒక బుల్లి మనిషి బయటికి వస్తాడు. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాడు. మరో పక్క సుత్తి పట్టుకున్న ఇంకో బొమ్మ ఆగకుండా సెకన్లు కొడుతూనే ఉంటుంది. కుక్ అండ్ కెల్వీ అనే కలకత్తా సంస్థ నుంచి వచ్చిన ఈ యంత్రం కోసం గంట గంటకూ జనం పోగవుతారు. ఇంత దూరం వచ్చి చూడకుండా ఎలా వెళ్తామని మేమూ కూర్చున్నాం. యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాల్లో చిన్నది రెండుసార్లు నిద్రపోయి రెండుసార్లు లేచింది, పెద్దవాడు నేలమీది గళ్ళన్నీ లెక్కపెట్టాడు, అత్తగారు విష్ణుసహస్రనామం పూర్తి చేశారు. చివరకు తలుపు తెరుచుకుంది, బుల్లి మనిషి వచ్చాడు, ఠంగుమని ఒక్కటి కొట్టాడు, వెళ్ళిపోయాడు. ఒంటి గంట కదా మరి! ఆ సంగతి మాలో ఒక్కరికీ ముందుగా తట్టలేదు. పెద్దవాడు తలుపు వంక చాలాసేపు చూసి, "అంతేనా?" అన్నాడు. మా ఇంట్లో ఆ తరవాత ఏది ఆశపెట్టి తుస్సుమన్నా "ఒంటిగంట బొమ్మ" అనడం అలవాటైపోయింది. పరీక్ష ఫలితాలకూ, వానమబ్బులకూ, మా వారి ప్రమోషనుకూ కూడా.

మూడోసారి, 1992లో, పదకొండున్నరకే వెళ్ళి బెంచీ మీద ముందు వరుసలో కూర్చున్నాం. మిగతా గదులేవీ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాం. పన్నెండుకు మూడు నిమిషాలుందనగా చిన్నది నా కొంగు లాగి, "అమ్మా, ఒకటికి" అంది. వెనక వరుసలో కూర్చున్న పెద్దాయన ఎంతో ఆప్యాయంగా, "ఒకటికి కాదమ్మా, ఇప్పుడు పన్నెండు కొడుతుంది" అన్నారు. నవ్వే వ్యవధి కూడా లేకుండా పిల్లను చంకన వేసుకుని బయటికి పరుగెత్తాను. అక్కడ వరుసలో నిలబడి ఉండగా లోపలి నుంచి చప్పట్లు వినిపించాయి. తరవాత రెండేళ్ళకు పిల్లలిద్దరూ బడి వాళ్ళ విహారయాత్రలో వెళ్ళి, పన్నెండు దెబ్బలూ చూసి వచ్చి, బొమ్మ ఎలా చేయి ఎత్తిందో నాకు నటించి చూపించారు. వాళ్ళకు తీరిపోయింది కనుక నా కోరిక సంగతి నేనూ పక్కన పెట్టేశాను.

జూపార్కుకు వెళ్ళే రోజుల్లో మాత్రం మోత రెట్టింపయ్యేది. సికింద్రాబాదు నుంచి 7జడ్ బస్సు తిన్నగా అక్కడికే వెళ్ళేది. ఆ రోజుల్లో ఊళ్ళో రెండంతస్తుల బస్సులు తిరిగేవి. పై అంతస్తులో ముందు సీటు దొరికితే పిల్లలకు సగం జూ చూసినట్టే. అదెప్పుడూ ఇంకెవరో ఆక్రమించి ఉండేవారు, మీసాలున్న పెద్దవాళ్ళు కూడా పిల్లల్లా కిటికీ వదిలేవారు కారు. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో పరుచుకున్న ఆ తోట 1963 అక్టోబరులో జనానికి తెరుచుకుంది. మూడేళ్ళ పిల్ల కాళ్ళకు 380 ఎకరాలంటే ఎంతో ఏ బోర్డు మీదా రాయరు. సింహాల సఫారీ బండి కోసం వరుసలో నిలబడి నిలబడి, తీరా బండి కదిలేసరికి పెద్దవాడు నా ఒళ్ళో నిద్రపోయాడు. లేపి చూపించబోతే సింహమూ చెట్టుకింద నిద్రపోతోంది. ఇద్దరినీ అలాగే వదిలేశాం.

జూలో నాకు ఇప్పటికీ మరపురానిది రాత్రించర జంతువుల గృహం. అక్కడ పగటిని రాత్రి చేస్తారు. మనం చూసే వేళల్లో మసక వెలుతురు ఉంచి, రాత్రిళ్ళు దీపాలు వేస్తారు. జంతువులు అదే నిజమనుకుని మనకు మెలకువగా కనిపిస్తాయి. లోపల అడుగుపెట్టగానే చిన్నది నా మెడ కరచుకుంది. అద్దం వెనక ఏవో రెండు కళ్ళు మెరిసేసరికి ఏడవడం కూడా మరచిపోయింది. మా వారు పెద్దవాడికి ఈ కిటుకు వివరంగా చెప్పారు. వాడు ఆ రోజంతా ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆదివారం గడిచి సోమవారం తెల్లవారగానే లేచి చూస్తే మా గదిలో కిటికీలన్నీ మూసి, వాటికి దుప్పట్లు కట్టి ఉన్నాయి. "ఇంకా రాత్రే అమ్మా, బడి లేదు" అని దుప్పటి ముసుగులోంచి సమాధానం వచ్చింది. శాస్త్రవిజ్ఞానం ఇంత త్వరగా ఒంటబడుతుందని నేను అనుకోలేదు.

నౌబత్ పహాడ్ మీద పనులు రెండు. పైన పాలరాతి బిర్లా మందిరం, దగ్గరలోనే నక్షత్రశాల. మందిరంలో గంటలుండవు, ధ్యానానికి నిశ్శబ్దం కావాలని కట్టించినప్పుడే వద్దనుకున్నారట. ఎత్తుకుంటే గంట కొట్టవచ్చన్న ఆశతోనే గుడికి వచ్చే చిన్నదానికి ఈ కారణం ఎంత చెప్పినా ఎక్కలేదు. 1985లో ఎన్.టి.రామారావు గారు ప్రారంభించిన నక్షత్రశాలలోకి వెళ్ళి, వెనక్కి వాలే కుర్చీల్లో సర్దుకుని, గుమ్మటం మీద వెలుతురు మెల్లగా తగ్గి హాలంతా చీకటి కమ్ముకుంటున్న గంభీరమైన క్షణంలో, "అమ్మా, కరెంటు పోయింది!" అని మా పిల్ల గొంతు హాలంతా మోగింది. మా వీధిలో రోజూ కరెంటు పోయే వేళ కూడా అదే. అటుపైన చుక్కలు పొడిచాయి, కాని నవ్వులు ఆగడానికి కొంతసేపు పట్టింది. అక్కడి మ్యూజియంలో అప్పటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లిలో దొరికిన కోటసారస్ అనే డైనోసారు అస్థిపంజరం ఇప్పుడు నిలబెట్టారు. అది వచ్చేసరికి మా పిల్లలు మాతో తిరిగే వయసు దాటిపోయారు.

పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. ఆ రోజుల్లో మా వీధిలో సగం మంది పిల్లలు తల్లులను మమ్మీ అనే పిలిచేవారు, మా వాళ్ళు అమ్మా అనేవారు. "మమ్మీని చూడబోతున్నాం" అనగానే చిన్నది "ఎవరి మమ్మీని?" అని అడిగింది. గాజుపెట్టె దగ్గరికి వెళ్ళి చూశాక ఆ ప్రశ్నే మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు బాగా తగ్గించి. దానికి నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

టాంక్‌బండ్ కోసం ప్రత్యేకంగా బయలుదేరిన గుర్తు లేదు. ఎక్కడికి వెళ్తున్నా దారిలో తగిలేది. 1990 మార్చిలో, హుస్సేన్‌సాగర్ నడుమ నిలపడానికి తీసుకువెళ్తున్న ఏకశిలా బుద్ధ విగ్రహం పడవ ఒరిగి నీళ్ళలో మునిగిపోయింది. మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. ఇంట్లో పెద్దవాళ్ళం ఆ మాట పిల్లల ముందు అనకుండా జాగ్రత్తపడ్డాం. అయితే బుద్ధుడు నీళ్ళ అడుగున ఉన్నాడన్న సంగతి మాత్రం వాళ్ళకు తెలిసిపోయింది. అప్పటి నుంచి బస్సు కట్ట మీదికి ఎక్కడమే ఆలస్యం, పెద్దవాడు కిటికీకి ముఖం ఆనించి, "ఇప్పుడు ఎక్కడున్నాడు? ఇక్కడా? అక్కడా? ఊపిరి ఎలా పీలుస్తున్నాడు?" అని అడిగేవాడు. అత్తగారు ఏమాత్రం తడుముకోకుండా, "తపస్సు చేసేవాళ్ళకు ఊపిరితో పనేముందిరా" అనేవారు. 1992 డిసెంబరులో విగ్రహాన్ని బయటికి తీసి నిలబెట్టాక ఒకరోజు బస్సులోంచి చూసి, వాడు ఎందుకో కొంచెం నిరుత్సాహపడ్డాడు. కంటికి కనిపించని బుద్ధుడే వాడికి ఎక్కువ దగ్గర అనుకుంటాను. అడిగితే ఇప్పుడు ఒప్పుకోడు.

గోల్కొండ సంగతి చెప్పకుండా ఉండలేను. కింద ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారులో వినిపిస్తుందని ఊరంతటికీ తెలుసు. శత్రువు వచ్చిన కబురు పైకి చేరవేయడానికి ఆ ఏర్పాటు. పెద్దవాడు దీన్ని పరీక్షించి తీరాలన్నాడు. ఫోన్లు లేని కాలం కనుక మా వారు చేతి గడియారం అత్తగారి గడియారంతో సరిచూసుకుని, తాను మూడువందల అరవై మెట్లు ఎక్కి పైన నిలబడతాననీ, సరిగ్గా పదకొండున్నరకు కింద వీడు మూడు చప్పట్లు కొట్టాలనీ ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆయన ఆయాసపడుతూ పైకి చేరి చెవి రిక్కించి నిలబడితే, కింద నుంచి వినిపించింది మూడు చప్పట్లు కాదు, మూడువందలు. సెలవు రోజున వచ్చిన ప్రతి కుటుంబమూ అదే పరీక్ష చేస్తోంది. అందులో తన కొడుకు చప్పట్లు ఏవో పోల్చుకోలేక దిగివచ్చి, "స్పష్టంగా విన్నాను రా, మూడూ విన్నాను" అన్నారు. వాడు తలూపాడు. ఇది జరిగిన పాతికేళ్ళకు, వాడి పెళ్ళయ్యాక, ఒక భోజనాల వేళ అసలు సంగతి బయటపెట్టాడు. ఆ పదకొండున్నరకు వాడి రెండు చేతుల్లోనూ ఐస్‌ఫ్రూట్లే, ఒకటి తనది, ఒకటి చెల్లిది. నేను చిన్నదాన్ని కుళాయి దగ్గర కడుగుతున్నాను, అత్తగారు నీడన కునుకు తీస్తున్నారు. వాడు చప్పట్లే కొట్టలేదు. "నాన్న విన్నానని చెప్పినప్పుడు నేనేమనాలి?" అన్నాడు. మా వారు పప్పన్నం కలుపుతూ తలెత్తలేదు.

ఆ తిరుగుళ్ళకు ఫొటోలు తక్కువ. ఎరువు తెచ్చుకున్న కెమెరా, ముప్ఫైఆరు ఫొటోల రీలు, అందులో సగం పిల్లల వీపులు. అత్తగారు 1999లో పోయారు. మరచెంబు నా దగ్గర ఉంది, మూత మర అరిగిపోయి కారుతుంది.

2023 దసరా సెలవుల్లో మా అమ్మాయి తన నాలుగేళ్ళ కూతురిని తీసుకుని వచ్చి, "మ్యూజియానికి వెళ్దాం పదమ్మా" అంది. శుక్రవారం కాదు కదా అని మా వారు రెండుసార్లు అడిగారు. మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషను దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో పదకొండున్నర లోపే చేరాం. రెబెక్కాను తరవాత చూద్దామని నేరుగా గడియారం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాం. మోకాళ్ళ నొప్పితో మా వారు బెంచీ చివర చేరబడ్డారు. పన్నెండుకు ఇంకా నాలుగైదు నిమిషాలుందనగా మనవరాలు వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఇప్పటి పిల్లలు ఒకటి, రెండు అనరు, వాష్‌రూమ్ అంటారు. అలవాటు కొద్దీ నేనే లేచాను. మా అమ్మాయి నా భుజం మీద చేయివేసి కూర్చోబెట్టి, "నువ్వుండమ్మా" అని పిల్లను ఎత్తుకుని జనంలోంచి తప్పుకుంటూ వెళ్ళిపోయింది.

చిన్న తలుపు తెరుచుకుంది. అత్తగారు జపం లెక్కపెట్టుకున్నట్టు వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాను. ఏడో దెబ్బ దగ్గర ముందు ఎవరో ఫోను ఎత్తి అడ్డం పెట్టారు. పక్కకు వంగి మిగిలినవి చూశాను. పన్నెండు. బొమ్మ లోపలికి వెళ్ళింది, చప్పట్లు మోగాయి, మా వారు "అయిందా?" అన్నారు, అయిందన్నాను.

జనం పలచబడ్డాక తల్లీకూతుళ్ళు తిరిగి వచ్చారు. మూసిన తలుపు చూసి మనవరాలి పెదవి వంకర తిరిగింది. "మళ్ళీ రమ్మను, అమ్మమ్మా" అంది. మా అమ్మాయీ నేనూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. మళ్ళీ వస్తాడు గాని ఒక్కటే కొడతాడమ్మా అని చెప్పాను. ఒక్కటైనా సరే అంది. ఒంటి గంట దాకా నలుగురమూ అక్కడే కూర్చున్నాం.